పండగ పూట చీపురు

"పాల టీ చల్లారకముందే వినెయ్ మేడమ్," అన్నాడు క్వోక్ సార్, మాస్కు గడ్డం కిందికి లాక్కుని.

షామ్ షుయ్ పో పేటలోని ఆ టీ హోటల్లో బల్లకీ బల్లకీ మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టారు. అయినా యిప్ వైచింగ్ వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుంది. ఇరవై ఏళ్లుగా సర్కారుకి రహస్య ఏజెంటు పని చేస్తున్నది. వెనకెవరూ లేరంటే నమ్మదు.

"పెట్ షాపు హామ్‌స్టర్ల నుంచి, అదే ఆ బుల్లి పెంపుడు ఎలుకల నుంచి, అక్కడ పనిచేసే అమ్మాయికి కరోనా అంటింది. ఊళ్లో ఉన్నవన్నీ చంపడానికి అప్పగించమని సర్కారు ఆర్డరు వచ్చింది. వాటిలో కొన్ని మాయమయ్యాయి. రోగమున్నవే."

"ఎవరు?"

"విదేశీ ముఠా. 'మూగజీవాల్ని కాపాడుతున్నాం, కొన్నాళ్లు మీ ఇంట దాచండి' అంటూ మన కొత్త సంవత్సరం పండగ నాడు ఇంటికొకటి పంచుతారు. పిల్లలూ, టీకా వేయించుకోని ముసలివాళ్లూ ఉన్న ఇళ్లు చూసి మరీ. హామ్‌స్టర్ దగ్గదు, తుమ్మదు. పిల్ల దాన్ని ముద్దు పెట్టుకుంటుంది. ఆ పిల్లని బామ్మ ముద్దు పెట్టుకుంటుంది."

"లాభం ఎవరికి?"

"మన రేవు మూతబడితే ఓడలు పొరుగు దేశం రేవుకి పోతాయి. ఆ రేవువాళ్లకి. వాళ్లు ఈ ఆపరేషన్‌కి పెట్టుకున్న పేరు కిస్మిస్."

వైచింగ్‌కి అత్తగారు గుర్తొచ్చింది. ఎనభై దాటిన మనిషి. టీకా మాటెత్తితే, "యుద్ధం చూశాను, సూదికి భయపడతానా? అక్కర్లేదంతే" అంటుంది.

"భయం లేదు, ముఠాలో మన మనిషి ఉంది," అని క్వోక్ ఫోన్లో ఫోటో చూపించాడు. సెలీన్ మోక్. మాస్కు లేని ముఖం, ఎర్రటి పెదాలు, చెవులకి ముత్యాలు.

"నాకు నచ్చలేదు సార్."

"అందంగా ఉందనా?"

"మీకు మరీ నచ్చిందని."

క్వోక్ టీ చప్పరించాడు. "ఇక్కడి పిల్లే. ఈ పేటలోనే బామ్మ పెంచింది. సరుకు త్యున్ మున్ గోడౌన్లో ఉందని ఆమే చెప్పింది. పండగ రోజు పట్టుకుంటాం."

"అయితే నన్ను ఆమె ఉండే బిల్డింగులో పెట్టండి. క్లీనింగ్ మనిషిగా."

డిపార్ట్‌మెంట్ ఆమెకి ఒక తుడుపుకర్ర ఇచ్చింది. దాని పిడిలో కెమెరా. అది రోజూ సెలీన్ తలుపు బయట చెప్పులనే ఫోటో తీసింది. సెలీన్ ఎదురైనప్పుడల్లా, "జాగ్రత్త ఆంటీ, నేల తడిగా ఉంది," అని నవ్వేది. ఇంత మర్యాద దేనికి అని వైచింగ్‌కి అనుమానం. అనుమానానికి మాత్రం రుజువు లేదు.

ఇంటికెళితే కూతురు చాక్‌యీ కొంగు వదలదు. "అమ్మా, ఒక్క హామ్‌స్టర్. నా గదిలోనే ఉంచుకుంటాను."

"నీకు గదెక్కడిది? బామ్మ మంచం పక్కన చాపేగా!"

అత్తగారు సన్నగా నవ్వి మనవరాలి చెవిలో ఏదో చెప్పింది. దాన్నీ వైచింగ్ అనుమానంగానే చూసింది.

పండగ వచ్చింది. ఏడాది మొదటి రోజు. ఊళ్లోవాళ్లంతా రెండ్రోజుల ముందే ఇళ్లు కడిగేసి చీపుళ్లు మూల దాచేశారు. వైచింగ్ బండి తోసుకుంటూ అంతస్తు అంతస్తుకీ ఎక్కింది. ఏ చెత్తగదిలోనూ చిత్తుకాగితం లేదు. ఉండదు కూడా. ఇవాళ ఊడిస్తే అదృష్టం ధూళితో పాటు గడప దాటిపోతుంది.

సెలీన్ ఉండే అంతస్తులో నల్ల సంచీ ఒకటి ఉంది. గట్టిగా ముడి వేశారు. గ్లవ్స్ సరిచూసుకుని విప్పింది. రంపంపొట్టు, పొద్దుతిరుగుడు పొట్టు, ఘాటైన మూత్రం వాసన. సెలీన్ గడప ముందు చీపురు గీతలు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఫోన్ తీసింది. "సార్, గోడౌన్ ఖాళీ కదూ?"

"నీకెలా తెలుసు?"

"సరుకిక్కడుంది. సెలీన్ ఇల్లూడ్చింది."

"ఊడిస్తే?"

"మీ ఆవిడ ఇవాళ ఊడ్చిందా?"

"చీపురు ముట్టుకుంటే నా చేతులు విరిచేస్తుంది."

"బామ్మ పెంచిన పిల్ల కంపునైనా భరిస్తుంది కానీ ఇవాళ చెత్త బయట పెట్టదు. ఆమె ఈ ఊరి మనిషే కాదు సార్. త్వరగా రండి."

అంతలో సెలీన్ తలుపు తెరుచుకుంది. మనుషులిద్దరు ట్రాలీ తోస్తూ లిఫ్టు వైపు నడిచారు. ట్రాలీ నిండా ఎర్ర రిబ్బన్లు కట్టిన డబ్బాలు. లోపల ఏవో గోళ్లతో గీరుతున్నాయి. పై డబ్బా మీద అతికించిన అడ్రసు వైచింగ్ చదివింది. తన ఇల్లే. 'చాక్‌యీకి. అమ్మకి చెప్పొద్దు.' అత్తగారి గుసగుస గుర్తొచ్చింది.

వాళ్లు ట్రాలీతో ఎక్కేశారు, లిఫ్టు తలుపులు దగ్గరకి వచ్చేస్తున్నాయి. తుడుపుకర్రని మధ్యలోకి పొడిచింది. కర్ర విరిగి కెమెరా ఫట్‌మని పగిలింది. తలుపులు వెనక్కి తెరుచుకున్నాయి.

"ఆంటీ, కర్ర తీసెయ్," అంది సెలీన్ వెనకనుంచి. చేతిలో చిన్న పిస్తోలు. గొంతులో మర్యాద మాత్రం పోలేదు.

"నేల తడిగా ఉందమ్మా, జాగ్రత్త," అని వైచింగ్ బకెట్ కాలితో తన్నింది. బ్లీచింగ్ నీళ్లు వరండా అంతా పరుచుకున్నాయి. సెలీన్ హైహీల్స్ జారాయి. పిస్తోలు లిఫ్టు సందులోంచి కిందికి పడిపోయింది. ఆ ఇద్దరూ మెట్లవైపు పరిగెత్తారు. వైచింగ్ వాళ్ల వెంట పడలేదు. ట్రాలీకి అడ్డంగా నిలబడింది. క్వోక్ మనుషులు వాళ్లని కింద గేటు దగ్గరే పట్టుకున్నారు.

"ఎక్కడ దొరికిపోయాను?" అంది సెలీన్, బేడీలు చూసుకుంటూ.

"ఇల్లు మరీ శుభ్రంగా పెట్టుకున్నావు."

సాయంత్రం స్నానం చేసి, టెస్టు చేయించుకుని, ఇల్లు చేరింది. చాక్‌యీ ముఖం ముడుచుకుని కూర్చుంది. డబ్బా రాలేదని అడగలేదు. టీవీలో వార్తలు చూస్తూ, "వాటినేం చేస్తారమ్మా?" అంది.

వైచింగ్ అబద్ధమాడలేకపోయింది. కూతుర్ని దగ్గరకి తీసుకుంది. "వాటి తప్పేం లేదు చిట్టీ. మనుషుల రోగమే వాటికి అంటుకుంది."

అత్తగారు గుమ్మం దగ్గర విరిగిన తుడుపుకర్ర చూసి గుండెలు బాదుకుంది. "ఏడాది మొదటి రోజు దాన్ని పట్టుకుని తిరిగావా? ఇంటి అదృష్టమంతా ఊడ్చేశావు కదే!"

"లేదత్తయ్యా," అంది వైచింగ్ చెప్పులు విప్పుతూ. "మనది ముట్టుకోలేదు. పొరుగు దేశం వాళ్లది ఊడ్చేసి వచ్చాను."