హోబర్ట్ గొంతు కలిపిన పాట

నాకు అక్షరాలు డెబ్బై దాటాక వచ్చాయి. తప్పులుంటే మన్నించండి. రాయడమూ నత్తనడకే. పాటలు మాత్రం పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్నాయి. అందుకే పాటల కథే రాస్తున్నాను.

పక్క రాష్ట్రం మిజోరీ నుంచి మా ఆర్కాన్సాకి కలప కోసం వచ్చిన డెల్మర్ ప్రూయిట్ లారీ, హోబర్ట్ టాకెట్ పొలం పక్క బురదలో ఇరుసు దాకా దిగబడింది. డెల్మర్ చక్రం కింద రాళ్లు పెడుతూ, విసుగు తెలియకుండా ఒక పాట అందుకున్నాడు.

"ఆర్కాన్సా వాడింట మంచమెక్కింది పంది, గడప మీద పడుకుంది ఇంట్లో ఉన్న మంది..."

"మా పంది మంచమెక్కదు," అని వెనక నుంచి వినిపించింది. "దానికి మా మంచం చాలదు."

కంచె మీద మోచేతులు ఆనించి ఒక పిల్ల నిలబడి ఉంది. హోబర్ట్ కూతురు ఆర్డెల్లా. చెంప మీద రొట్టెపిండి, కళ్లలో నిప్పు.

డెల్మర్ టోపీ తీశాడు. "మీరున్నారని చూసుకోలేదండీ."

"చూసుంటే ఏం పాడేవాడివి? చర్చి పాటా?"

"ఏమీ పాడేవాణ్ణి కాదు. నోరు పెగిలేది కాదు."

ఆర్డెల్లా తడబడింది. అది కనబడకూడదని గొంతు పెంచింది.

"మా నాన్న వినలేదు కాబట్టి బతికావు. ఆయన ఉత్తరాన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ, భోజనం డబ్బా విప్పితే చాలు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆ పాటే ఎత్తుకునేవాళ్లు. చివరికి ఒకడి పన్ను రాలగొట్టి ఇంటికొచ్చేశాడు."

"ఇంకెప్పుడూ పాడను. ఒట్టు."

"ఒట్టు పెడితే లారీ లేస్తుందా? ఉండు."

ఆమె కంచర గాడిదల్ని తోలుకొచ్చి, గొలుసు కట్టి, లారీని రోడ్డెక్కించింది. డెల్మర్ ఆ మేలు మరవలేదు. వారం తిరగ్గానే వాళ్ల వసారా ముందు నిలబడ్డాడు. ఆ పై వారమూ నిలబడ్డాడు.

"ఏం పని మీద వచ్చావు అబ్బాయ్?" అన్నాడు హోబర్ట్.

"థాంక్స్ చెబుదామనండీ."

"మొన్న చెప్పావుగా?"

"మొన్న తొందరలో చెప్పానండీ. సరిగ్గా కుదరలేదు."

"మిజోరీలో ఒక థాంక్స్ చెప్పడానికి ఎన్నాళ్లు పడుతుందేమిటి?"

తలుపు వెనక ఆర్డెల్లా నవ్వు ఆపుకోలేక ఏప్రన్ నోట్లో కుక్కుకుంది.

డెల్మర్ వచ్చినప్పుడల్లా కట్టెలు కొట్టాడు, కంచె బాగుచేశాడు. హోబర్ట్ మాత్రం కూతురితో ఒక్కటే మాట అన్నాడు. "పనిమంతుడే. కాదనను. కానీ వాళ్లకి మనమంటే నవ్వులాట. నేను కూర్చున్న బల్ల దగ్గర నిన్ను కూర్చోబెట్టను." తండ్రి ఒక మాట అంటే రాతి మీద గీత గీసినట్టే. ఆర్డెల్లాకి ఆ రోజు రొట్టెలు మాడాయి.

ఆకులు ఎర్రబడ్డాక బడిలో పెట్టెల విందు వచ్చింది. ఆడపిల్లలు భోజనం సర్దిన పెట్టెలకి రిబ్బన్లు కట్టి తెస్తారు. వేలంలో పెట్టె పాడుకున్నవాడు ఆ పిల్లతో కూర్చుని తినాలి. పెట్టె ఎవరిదో చెప్పకూడదని రూలు. చెప్పని ఆడపిల్ల లేదు. "నీలం రిబ్బనంటే నాకు పరమ అసహ్యం," అని ఆర్డెల్లా గాలితో చెప్పి డెల్మర్ పక్క నుంచి వెళ్లిపోయింది.

ఆ ఏడాది టమాటా తోటలు ఎండకి మాడిపోయాయి. ఎవరి జేబూ నిండుగా లేదు. అందుకని టీచరమ్మ చప్పట్లు కొట్టి, "ఈసారి డబ్బు వద్దు. పాటే వేలం. మన ఆర్కాన్సా మీదో, మన మనుషుల మీదో ఉండాలి. పాటలు అయిపోయినవాడు కూర్చోవాలి," అంది.

నీలం రిబ్బన్ పెట్టె పైకి లేవగానే చర్చిలో పాడే హార్లాన్ గోఫోర్త్ లేచాడు. డెల్మర్ కూడా లేచాడు.

"మిజోరీ బాబూ, నీకు మా పాటలెన్ని వచ్చురా?" అని ఎవరో అరిచారు.

"రేడియో ఎన్ని నేర్పితే అన్ని!"

హార్లాన్ నది మీద పాడాడు. డెల్మర్ రైలు మీద పాడాడు. హార్లాన్ కొండల మీద పాడాడు. డెల్మర్ ఆర్కాన్సా పిల్ల జడ మీద పాడితే ముసలమ్మలు ఈలలు వేశారు. హార్లాన్ ఇంకో నదిని పట్టుకున్నాడు. ఆర్కాన్సాలో నదులకి కొదవా?

డెల్మర్ నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

"ఒకటోసారి," అంది టీచరమ్మ.

అతని దగ్గర ఇంకొక పాట ఉందని ఆర్డెల్లాకి తెలుసు. దాచిపెట్టి పెళ్లాడితే ఆ పాట ఎప్పటికీ ఇంట్లో ఒక మూల నక్కి ఉంటుందనీ తెలుసు. ఆమె లేచి నిలబడింది.

"ఇంకోటి ఉంది నీ దగ్గర. పాడు."

"వద్దు ఆర్డెల్లా. ఒట్టు పెట్టాను."

"ఒట్టు తీసేశాను. పాడు!"

డెల్మర్ టోపీ తీసి, హోబర్ట్ కళ్లలోకి చూస్తూ, వెక్కిరింత లేకుండా, మెల్లగా, పంది దగ్గర నుంచి గడప దాకా పాడాడు. బడి అంతా బిగుసుకుపోయింది. హోబర్ట్ బెంచీ జరిపి లేచాడు.

"ఆ పాట బయటివాడు పాడితే పన్ను రాలగొడతాను. ఇంటివాడు పాడితే గొంతు కలుపుతాను. నువ్వెవరివి అబ్బాయ్?"

డెల్మర్ టోపీ నలిపాడు. "అది నేను చెప్పేది కాదండీ. మీ అమ్మాయి చెప్పాలి."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆర్డెల్లా చెవులు ఎర్రబడ్డాయి.

"గొంతు కలుపు నాన్నా."

హోబర్ట్ గొంతు సవరించుకుని, మిజోరీలో ఎవరూ పాడని చరణం ఎత్తుకున్నాడు. "చెప్పుల్లేవని నవ్విన దొరగారూ, ఆకలేస్తే మా గడపే ఎక్కారు!"

బడి కప్పు ఎగిరిపోయేలా అందరూ అందుకున్నారు. అందరి కంటే పైన వినిపించింది, ఓడిపోయిన హార్లాన్ గొంతే. దేవుడు అతన్ని చల్లగా చూడాలి.

ఆ పాట ఎవరు కట్టారో నాకు తెలియదు. మమ్మల్ని తిట్టడానికే కట్టి ఉంటారు. అయినా వాళ్లకి నా దణ్ణాలు. వాళ్ల పుణ్యమా అని ఒక మంచివాడి పక్కన కూర్చుని జీవితమంతా భోజనం చేశాను.

ఆర్డెల్లా ప్రూయిట్, ఎనభై నాలుగేళ్లు. ఇప్పుడు ఫేయెట్‌విల్‌లో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.