అడగకుండా తీసుకున్న నీళ్లు

పొయ్యి మీద పాలు పొంగుతున్నా హేమావతి చూసుకోలేదు. వీధి మొదట్లో ట్యాంకరు హారను వినబడగానే బిందె అందుకుని వాకిట్లోకి వచ్చింది. ఏడో నెల కడుపుతో కోడలు అలా పరుగెత్తడం చూసి తిప్పయ్య గట్టిగా కేకేశాడు.

"నువ్వు ఉండమ్మా! నేను పోతాండా కదా. బిందె ఈడ పెట్టు."

"పాలు పొంగుతాండాయి మామా, నువ్వు వాటిని దించు. నేను వరసలో నిలబడతా."

"పాలు పోతే పోనీ, పక్కకు జరుగు" అంటూ ఆయన బిందె లాక్కుని వెళ్లిపోయాడు.

తిప్పయ్య కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో శనక్కాయ పండించిన మనిషి. వరసగా వానలు మొహం చాటేసి, వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కాక, భార్య కూడా కన్నుమూశాక, బుక్కరాయసముద్రంలో బాడుగింట్లో ఉంటున్న కొడుకు దగ్గరికి వచ్చేశాడు. అది 2003 ఎండాకాలం. ఊరంతా ట్యాంకరు నీళ్ల మీదే బతుకుతోంది.

కొడుకు గంగాధర్ అనంతపురంలో ఒక సర్వీసు స్టేషన్‌లో కార్లు కడిగే పని నేర్చుకున్నాడు. పోయినేడు పాత వ్యాను కొని సొంతంగా మొదలుపెట్టాడు. అందులో నీళ్ల డ్రమ్ము, పంపు, పైపు వేసుకుని కార్లున్న వాళ్ల ఇళ్లకే వెళ్తాడు. వాకిట్లోనే కారు కడిగి, లోపల సీట్లు తుడిచి, పైన పాలిష్ పట్టి అద్దంలా చేసి ఇస్తాడు. పని బాగుంటుందని పేరొచ్చింది.

ఇంటి డ్రమ్ము నిండాక తిప్పయ్య అరుగు మీద కూర్చుని మెడ తుడుచుకున్నాడు. వ్యానుకు పైపు చుడుతున్న కొడుకును చూస్తే ఆయనకు మాట ఆగలేదు.

"ఏమిరా, తాగను లేక జనం కొట్టుకుంటాంటే నువ్వు కార్లకు పోస్తివి. తడిగుడ్డతో తుడిస్తే పోదా?"

"అదీ చేసి చూసినా నాయనా. బెంగుళూరు నుంచి మందు తెప్పించినా. బకెట్టు నీళ్లలో అది కలిపి, గుడ్డ ముంచి తుడిస్తే చాలన్నారు. మన ఎర్రదుమ్ము ఇసకమాదిరి ఉంటాది. గుడ్డ కింద పడి బానెట్టంతా గీతలు పడె. ఆ కారు ఆయప్ప నన్ను నడివీధిలో నిలబెట్టి తిట్టినాడు. పైపుతో నీళ్లు కొడితేనే దుమ్ము గీకకుండా జారిపోతాది."

"అట్లయితే వానలు పడేదాకా కార్లు తగ్గించుకో" అంది లోపలినుంచి హేమావతి.

"ఇప్పుడు తగ్గిస్తే వాళ్లు మళ్లీ పిలవరు హేమా. బిడ్డొచ్చేలోపల ఇంగ నాలుగిండ్లు ఎక్కువ పట్టుకోవల్ల."

బిడ్డ మాట వినగానే హేమావతి కోపం సగం కరిగిపోయింది.

ఆ వారంలోనే కాంట్రాక్టరు శ్రీరంగప్ప కూతురి పెళ్లి వచ్చింది. పెళ్లివారి కార్లన్నీ సాయంత్రానికల్లా కడిగి పెట్టాలని కబురు పంపాడు. గంగాధర్ మాట్లాడుకున్న ట్యాంకరతను ఆ రోజే మొండిచెయ్యి చూపించాడు. మధ్యాహ్నం గంగాధర్ వ్యాను తీసుకుని ఇంటికొచ్చాడు. తిప్పయ్య పల్లెకు పోయి ఉన్నాడు, రాత్రికి గాని రాడు. హేమావతి చాప మీద ఒకపక్కకు తిరిగి నిద్రపోతోంది. గంగాధర్ గడపలో ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఇంటి డ్రమ్ములో పైపు వేసి, ఉన్న నీళ్లన్నీ వ్యానులోకి లాగేశాడు. సాయంత్రం వస్తూ ఎలాగైనా నీళ్లు తేవచ్చనుకున్నాడు.

హేమావతి లేచేసరికి గొంతు పిడచగట్టుకుపోయింది. కుండలో చుక్క లేదు. డ్రమ్ము మూత తీస్తే అడుగున తడి మాత్రమే మెరిసింది. చేసేది లేక బిందె తీసుకుని వీధి చివరి బోరింగు దగ్గరికి నడిచింది. ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్లు రాలేదు. చాలాసేపటికి సన్నటి ధార మొదలైంది. బిందె సగం నిండేలోపు నడుములో మెరుపులా నొప్పి లేచింది. ఆమె అక్కడే బండ మీద కూలబడి కేకేసి పిలిచింది. ఆ ఎండలో వీధిలో ఎవరూ లేరు. పక్కింటి వనజాక్షి చూసి పరుగెత్తుకొచ్చి ఆటోలో ఎక్కించేటప్పటికే చీరంతా తడిసిపోయింది.

గంగాధర్‌కు కబురందేసరికి పొద్దు వాలింది. మోకాళ్లదాకా తడిసిన ప్యాంటుతో ఆసుపత్రికి పరుగెత్తాడు. మగపిల్లవాడు. ఊపిరి లేకుండానే పుట్టాడు.

"బోరింగు కొట్టినందుకే ఇట్లయిందని చెప్పలేం. కొన్ని కాన్పుల్లో కారణం తెలియదు" అంది డాక్టరమ్మ. ఆ మాట గంగాధర్‌కు ఓదార్పు కాలేదు.

తల్లి చూడకూడదని ఆడవాళ్లు అన్నారు. హేమావతి మత్తులోనుంచి తేరుకునేలోపల తండ్రీకొడుకులు బిడ్డను జీపులో పల్లెకు తీసుకెళ్లి, బీడుపడిన తమ చేనిగట్టు పక్కన మట్టి చేశారు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు హేమావతి తిన్నగా పెరట్లో డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. గంగాధర్ వెనకాలే వెళ్లాడు.

"నీళ్లు తీసుకుంటివి. నన్ను లేపి ఒక మాట చెప్పింటే?"

"నిద్రపోతాంటివి. లేపడం ఎందుకులే అని..."

"అందుకు కాదు. లేపితే వద్దంటానని." ఆమె గొంతు పెరగలేదు. "అవునా, కాదా?"

గడపలో నిలబడ్డ ఆ ఒక్క నిమిషం గంగాధర్ ఆలోచించింది అదే.

"బోరింగుకాడ నిన్ను పిలిస్తి. ఇంగెవురినీ కాదు, నిన్నే" అంది హేమావతి. మరునాడు తల్లి బయమ్మ వెంట కళ్యాణదుర్గం వెళ్లిపోయింది.

ఆ తర్వాత గంగాధర్ పైపు ముట్టుకోలేకపోయాడు. నీళ్లు పారే చప్పుడు వింటే అక్కడినుంచి లేచిపోయేవాడు. వ్యాను మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు ఉదయం తిప్పయ్య బజారు నుంచి వీపుకు తగిలించుకునే పంపు తెచ్చి కొడుకు ముందు పెట్టాడు. శనక్కాయకు పురుగుమందు కొట్టేటటువంటిదే, కానీ కొత్తది.

"ఆ బెంగుళూరు మందు దీంట్లో కలిపి మంచుమాదిరి చల్లి చూడు. దుమ్ము నానినాక తుడువు."

గంగాధర్ ముందు తన వ్యాను మీదే చేసి చూశాడు. మొదట గీతలు పడ్డాయి. నీడలో పెట్టి, చల్లి, దుమ్ము మెత్తబడేదాకా ఆగితే తగ్గాయి. పైనుంచి కిందికి మెల్లగా తుడుస్తూ, తుడిచిన ప్రతిసారీ గుడ్డను శుభ్రమైన వైపుకు మడవడం అలవాటు చేసుకున్నాడు. చక్రాల దగ్గరికి వేరే గుడ్డ పెట్టాడు. బకెట్టు నీళ్లు కూడా పూర్తిగా ఖర్చు కాలేదు. మట్టి గడ్డకట్టిన బండ్లు ఈ పద్ధతిలో తాను చేయలేనని ముందే చెప్పేయాలనుకున్నాడు.

"నీళ్లు పోయకుండా కడిగేదేందప్పా?" అని శ్రీరంగప్ప మళ్లీ పిలవలేదు. ఇంకొందరు మానేశారు. మిగిలినవాళ్లు చాలనుకుని గంగాధర్ పెద్ద పంపు, పైపు అమ్మేశాడు. ఆ తర్వాతే కళ్యాణదుర్గం బస్సెక్కాడు.

హేమావతి చిక్కి సగమైంది. చేటలో శనక్కాయలు వలుస్తూ అతను చెప్పిందంతా విన్నది.

"మంచిదే" అంది చివరికి. "కార్ల సంగతి చెప్పను ఇంతదూరం వచ్చినావా?"

దారంతా గంగాధర్ మనసులో కూర్చుకున్నవి ఆ మాటలే. అంతకుమించి తన దగ్గర ఏముందో అతనికి తెలియలేదు.

హేమావతి వలవడం ఆపింది. "వాడు ఎట్ల ఉండె?"

"హేమా..."

"నాకెవురూ చెప్పలేదు. అడిగితే మరిచిపో అంటారు. నువ్వు చూసినావు కదా. చెప్పు."

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తండ్రితో కూడా అనని మాటలు అప్పుడు బయటికొచ్చాయి.

"జుట్టు ఒత్తుగా ఉండె. గడ్డం నీదే. వేళ్లు పొడుగ్గా ఉండె. జీపులో నా ఒళ్లో పెట్టుకుంటి. నిద్రపోతాండాడు, కుదుపుకు లేస్తాడు అనుకుంటి. చేనికాడ నాయన ఇయ్యిరా అని అడిగితే ఇయ్యలేకపోతి. ఎండ తగలకుండా నా చొక్కా కప్పినా హేమా. లాభం లేదని తెలిసే కప్పినా."

"దోవంతా నువ్వే ఎత్తుకున్నావా?"

"నేనే. ఎవురికీ ఇయ్యలే."

హేమావతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆసుపత్రిలో, పుట్టింట్లో, ఎవరి ముందూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చేట ఒరిగి గింజలు నేలంతా దొర్లాయి. గంగాధర్ దగ్గరికి జరిగి, తాకాలా వద్దా అని ఆగిపోయాడు. ఆమే అతని చొక్కా గుప్పిట పట్టుకుని తల ఆనించింది.

"నేను చేసింది తప్పు" అన్నాడు అతను.

"తప్పే" అంది ఆమె ఏడుస్తూనే. "నాకింకా కోపం పోలేదు. ఎప్పుడు పోతాదో తెలీదు. నన్ను వాని దగ్గరికి పిల్చుకుపో."

బయమ్మ లోపలినుంచి వచ్చి, పచ్చి ఒంటితో అక్కడికి పోకూడదని అడ్డం నిలబడింది. హేమావతి కళ్లు తుడుచుకుని తల్లి వైపు చూసింది.

"నేను వాణ్ని ఒక్కసారి కూడా చూడలేదు మా. మన్నన్నా ముట్టుకోనీ."

బయమ్మ పక్కకు తొలగింది. ఎండ ఇంకా చల్లబడలేదు. ఇద్దరూ పల్లెబస్సు కోసం రోడ్డు వైపు నడిచారు. ఆమె అడుగు తడబడినప్పుడల్లా అతను ఆగాడు. చివరికి హేమావతి తానే అతని చెయ్యి పట్టుకుంది.