ఎడమ పక్కన ఎవరున్నారు?

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుని తల్లి సూది చాపడం, తండ్రి కళ్లద్దాలు సవరించుకుని ఒక్క ఊపున దారం ఎక్కించడం ఆ ఇంట్లో గోడ గడియారం కంటే నమ్మకంగా జరిగే పని.

"ఊరందరి బట్టలూ నువ్వు కుడతావు. సూది మాత్రం నేనెక్కించాలి" అన్నాడు తండ్రి.

"అందుకని కూలిలో సగం అడిగేరు!"

నవ్వుతూ ఇటు తిరిగాడు. ఎడమ మోచెయ్యి తగిలి టీ గ్లాసు బోర్లాపడింది.

"మళ్లీనా! గ్లాసులకూ మీకూ ఏ జన్మలో పగో" అంటూ తల్లి గుడ్డ అందుకుంది.

ఆయన బడి పిల్లల వ్యాను నడుపుతాడు. ప్రతి మలుపులోనూ హారన్ మోగించందే ముందుకు కదలడు కనుక పిల్లలు ఆయనకు 'హారన్ మామయ్య' అని పేరు పెట్టారు. ఆయన తన కూతురికి 'డాక్టరమ్మ' అని పెట్టాడు. వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం ఇంకా పూర్తి కాలేదని ఆమె ఎంత మొత్తుకున్నా ఆ బిరుదు వెనక్కి తీసుకోలేదు.

"నాన్నా, రేపు నాకు ఫిజియాలజీ ప్రాక్టికల్. కాసేపు పేషెంటుగా కూర్చో."

"కోస్తావా?"

"కోసేది అనాటమీలో. ఇది బతికున్నవాళ్ల శాస్త్రం."

"అమ్మయ్య! అయితే కూర్చుంటాను."

రెండు స్టూళ్లు ఎదురెదురుగా వేసింది. ఆయన కుడికన్ను మూసుకున్నాడు. ఆమె తన ఎడమకన్ను మూసుకుంది. తెరిచి ఉన్న కళ్లు రెండూ ఒకదాన్నొకటి చూస్తుండగా, ఇద్దరికీ నడుమ, ఆయన ఎడమ పక్కనుంచి ఆమె వేలు ఆడిస్తూ లోపలికి తేవాలి. చూపు సరిగా ఉంటే అది ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి కనిపించాలి. గత వారం తరగతిలో నవ్వుకుంటూ నేర్చుకున్న పరీక్ష ఇది.

"నా కంటినే చూడు. వేలు కదలడం కనబడగానే చెప్పు."

వేలు ఆమెకు కనిపించింది. ఇంకా లోపలికి వచ్చింది. ఆయన చెంపకు సమీపంగా వచ్చి ఆడుతోంది.

"మొదలుపెట్టు మరి, బండికి టైమవుతోంది" అన్నాడాయన.

ఆమె వేలు గాలిలోనే ఆగిపోయింది.

తప్పు తనదే అనుకుంది. ఒక ఫలితం వింతగా వస్తే ముందు అనుమానించవలసింది పరీక్ష చేసినవాడి చేతిని. అందుకే తల్లిని కూర్చోబెట్టింది.

"కనిపిస్తోంది. ఆ గోరు కత్తిరించుకో, రాక్షసిలా ఉంది" అంది తల్లి వెంటనే.

తండ్రిని మళ్లీ కూర్చోబెట్టింది. ఈసారి వేలు ముక్కు దగ్గరకు వచ్చాక గాని ఆయన "ఆఁ" అనలేదు. కన్ను మార్చి చూసినా, కుడికన్నుకూ ముక్కు వైపు నుంచి వచ్చే వేలు ఆలస్యంగానే అందింది.

"నాన్నా, ఇవాళ బండి తియ్యకు."

"ఏం?"

"ఎడమ పక్క నీకు కనిపించడం లేదు."

ఆయన పకపకా నవ్వాడు. కూతురి ముఖం చూశాక ఆ నవ్వు సగంలో ఆగింది. "సూదిలో దారం ఎక్కించేవాడికి చూపు లేదంటావా?"

"నడిమి చూపు బాగుంది నాన్నా. పోయింది పక్క చూపు. కంటి డాక్టరు దగ్గరికి వెళదాం, నాతో రా."

"నాలుగు పాఠాలు చదివి ఇంట్లోనే మొదలుపెట్టావా? బండి మీద ఒక్క గీత పడనివ్వనివాణ్ణి నేను!"

"పక్క అద్దం రెండుసార్లు విరిగింది కదండీ" అంది తల్లి మెల్లగా.

"అది గోడ తప్పు!"

ఆ మాటకు మరో రోజైతే ముగ్గురూ నవ్వేవారు. "ఈ సంగతి బడివాళ్ల చెవిన పడితే నా పని పోతుంది. నీ చదువూ దాంతోనే నడుస్తోంది, గుర్తుంచుకో" అని ఆయన తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

డాక్టరమ్మ వెంట పరుగెత్తింది. వ్యాను ముందు, ఎడమ మూలన, రోజూ పిల్లలు దిగి నిలబడే చోట నిలబడి రెండు చేతులూ ఊపింది. గొంతు పెగలడం లేదు. ఇంజను మొదలైంది. ఆయన ఎదురుగా చూశాడు. ముఖంలో కోపం తగ్గి కాస్త ఊరట కనిపించింది.

"లోపలికి పోయిందా? మంచిది. సాయంత్రం మాట్లాడతానని చెప్పు" అన్నాడు గుమ్మంలో ఉన్న భార్యతో.

తల్లి చేతిలో గుడ్డ జారిపోయింది. "ఎక్కడికి పోవడమండీ? మీ ముందే ఉంది! బండికి ఆనుకుని ఉంది!"

ఆయన తల పూర్తిగా తిప్పాడు. ముందు అద్దానికి అవతలే కూతురు, ఇంకా చేతులు ఊపుతూనే ఉంది.

ఇంజను ఆగింది. ఆయన తాళాలు తీసి దిగాడు. తర్వాత బడికి ఫోను చేశాడు. "ఇవాళే కాదు సార్, ఇక ముందు కూడా వేరే డ్రైవర్ని చూసుకోండి. నాకు కళ్లు సరిగా కనబడటం లేదు" అన్నాడు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లే దారిలో కూతుర్ని అడిగాడు: "ఆ పక్క నల్లగా కనబడి ఉంటే నేనే ఆపేసేవాణ్ణి కదే?"

"నల్లగా కనబడదు నాన్నా. లేనిచోట మెదడే ఏదో పూరించి, అంతా ఉన్నట్టే చూపిస్తుంది."

"ఇన్నాళ్లూ నాది జాగ్రత్త అనుకున్నాను, ఆ హారన్లూ, తల తిప్పుకోవడాలూ."

కంటి డాక్టరు తాపీగా చూసి, నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదనీ, నొప్పి లేకుండా వస్తుంది కనుక చాలామందికి తెలియదనీ చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుపుకోవచ్చు. బండి మాత్రం నడపకూడదు.

"ఇది రక్తసంబంధీకులకూ రావచ్చు" అని డాక్టరు ఇంకా పూర్తి చేయనే లేదు, తండ్రి లేచి కూతురి భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ముందు దీని కళ్లు చూడండి డాక్టరుగారూ. నా సంగతి తర్వాత."

డాక్టరు పరీక్షించి, ప్రస్తుతానికి భయం లేదనీ ఏటేటా చూపించుకోమనీ చెప్పేదాకా ఆయన కూర్చోలేదు.

బయట వరండాలో గోడకు ఆనుకుని అప్పుడు ఏడ్చాడు.

"పిల్లలు ఆ పక్కనుంచే కదమ్మా దిగేది. ఎన్నాళ్లుగా చూడలేదో నాకే తెలియదు. ఎవరు తప్పుకుని బతికారో, వాళ్లకీ తెలియదు."

ఏ పుస్తకమూ ఆ లెక్క తేల్చదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

రోడ్డు అంచున ఆయన ఆగిపోయాడు. ఎన్నో ఏళ్లు ఈ రోడ్లను ఏలినవాడు అడుగు వేయడానికి జంకుతున్నాడు.

"డాక్టరమ్మా, ఇటు రా. ఈ పక్కకి." కూతుర్ని తన ఎడమకు తెచ్చుకున్నాడు. "ఎవరున్నారో చెబుతూ ఉండు."

ఆమె రెండు వైపులా చూసింది. బండ్లు లేవు.

"ఎవరూ లేరు నాన్నా. నేనున్నాను."

ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, తల తిప్పకుండానే అడుగు వేశాడు.