బాయిల దిగే సామాను

కుక్కర్ మూడు విజిళ్లు వేసినా పప్పు ఉడకడం లేదని జమున చెప్పింది. స్టవ్‌లూ కుక్కర్లూ బాగుచేసే ఇస్హాక్ తల ఎత్తకుండానే, రబ్బరు మారిస్తే ఏ పప్పయినా ఉడుకుతుందన్నాడు. కోడ్ సరిపోయింది. ఆమె దుకాణం వెనక గదిలోకి వెళ్లింది. ఉదయం ఆరున్నర. గోదావరిఖని బజారులో సగం షట్టర్లు ఇంకా లేవలేదు.

అది 2009 ఫిబ్రవరి. ఊళ్లో జమున అంటే ఒక ట్రావెల్స్ ఆఫీసులో గైడు. బొగ్గు పనిలో ఉన్న భర్త రాయమల్లుకు కూడా అంతే తెలుసు. హైదరాబాద్‌లోని బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం ఆమె ఏజెంట్ నలభై రెండు. పదకొండేళ్ల సర్వీసు. అయినా ప్రతి బ్రీఫింగుకూ ముందు ఆమె చేతులు చల్లబడేవి. ఆ రోజు మరీ ఎక్కువగా చల్లబడ్డాయి, ఎందుకంటే ఇస్హాక్ బల్ల మీద పెట్టిన ఫొటోలోని మనిషి ఆమెకు తెలుసు.

"పేరు కార్ల్. మూడు పాస్‌పోర్టులున్నయ్, ఒక్కటీ అసలుది కాదు" అన్నాడు ఇస్హాక్. "ఇయ్యాల నీ టూరుల వస్తున్నడు."

పోయిన వారమే కార్ల్ బుకింగుకు వచ్చాడు. పొద్దున బౌద్ధ స్తూపం, మధ్యాహ్నం కొండల మీద గోండు గూడెం, సాయంత్రానికి వాపసు. ఆఫీసులో అందరికీ కానుకలు పంచాడు. ఒకరికి పెన్ను, ఒకరికి క్యాలెండరు, జమునకు మాత్రం ఇంటాయన పనేమిటో అడిగి తెలుసుకుని స్టీలు ఫ్లాస్కు. కానుక పుచ్చుకోవద్దన్నది ఏజెంట్లకు మొదటి రూలు. ఆమె వేడినీళ్లు పోసి, వాసన చూసి, రెండుసార్లు తోమి రాయమల్లుకు ఇచ్చేసింది. ఇప్పుడు ఆ మాట ఇస్హాక్‌కు చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కాగితం ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. మూడు గంటలకు పార్సిల్ వెల్‌లోకి, అంటే బావిలోకి, దిగుతుంది, అంతే. కార్ల్ సెక్రటరీగా చేరిన అఫ్షీన్ అనే అమ్మాయి చాటుగా విని ఫోనులో చేరవేసిన మాట అది. గూడెంలో తాగునీళ్ల బావి ఒక్కటే ఉంది. అందులో విషం కలుపుతారని ఆఫీసు అంచనా. నలుగురు సాయుధులు లుంగీలు కట్టి, కట్టెలు కొట్టేవాళ్ల వేషంలో ఆ బావి చుట్టూ కూర్చున్నారు.

"అఫ్షీన్ మనదేనా?" అని జమున అడిగింది.

"రెండు దిక్కులా జీతం తీసుకుంటది బహెన్. అందుకే జల్ది నమ్మకు. కోడ్ తప్ప ఒక్క మాట మాట్లాడొద్దు."

చివరికి ఆమెకు ఒక పాత ప్లాస్టిక్ ఫ్లాస్కు ఇచ్చాడు. అడుగు మరను ఎడమకు తిప్పితే లోపల వైర్‌లెస్ సెట్ ఉంది. కొండల్లో అది పలకకపోవచ్చని కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చి, వండిన కూర పక్క క్వార్టరు ముసలామె సమ్మవ్వకు అప్పజెప్పి, జమున బయలుదేరింది. ఆ వారం రాయమల్లుది రెండో షిఫ్టు. ఇంకా నిద్రపోతున్నాడు. టిఫిను సంచి పక్కన ఆ స్టీలు ఫ్లాస్కు మెరుస్తూ నిలబడి ఉంది.

ధూళికట్ట స్తూపం దగ్గర ఎండ చురుక్కుమంది. ఆరుగురు టూరిస్టులు. ఇటుకల గుట్ట చుట్టూ తిప్పుతూ, పాము పడగలు చెక్కిన రాతి పలకల గురించి జమున తడబడకుండా చెప్పింది. నోరు దాని పని అది చేసుకుపోతుంటే ధ్యాస కార్ల్ చేతుల మీదే ఉంది. అతడి భుజాన కెమెరా సంచి. ఆ సంచిలో ఏముందో? అఫ్షీన్ నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫు, రెండు గజాల దూరానికే తగిలే అత్తరు. దగ్గరికి వచ్చి, ఇక్కడ తామర పూలు దొరుకుతాయా అని అడిగింది. ఎండాకాలం దొరకవని జమున జవాబిచ్చింది. కోడ్ అయింది. ఇద్దరూ ఎడమయ్యారు.

జీపు ఎక్కేటప్పుడు కార్ల్ వచ్చీరాని తెలుగులో పలకరించాడు. "మీ ఆయనకు ఫ్లాస్కు నచ్చిందా?"

నచ్చిందని ఆమె తల ఊపింది.

"ఈ రోజు కూడా తీసుకెళ్తాడు కదా?"

తీసుకెళ్తాడని మళ్లీ ఊపింది. అతడు అంతగా ఎందుకడిగాడా అనుకుంది. కానీ గోదావరి దాటాక, రోడ్డు తిర్యాణి కొండలెక్కాక, ఆమెకు గూడెం బావి తప్ప మరేమీ గుర్తు లేదు.

ఒంటిగంటకు గూడెం చేరారు. ఐలవ్వ అనే పెద్దామె అందరికీ జొన్నరొట్టె పెట్టింది. పిల్లలు ఆ బావి నీళ్లే దోసిళ్లతో తాగుతుంటే జమునకు ముద్ద దిగలేదు. కార్ల్ మాత్రం బావి వైపు కన్నెత్తి చూడలేదు. కెమెరా సంచి మంచం మీద పారేసి, అటు తిరిగి ఇళ్ల గోడల మీద ముగ్గులు చూస్తున్నాడు. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. బావిలో విషం కలపాల్సిన మనిషి బావికి వంద గజాల దూరంలో ఎందుకున్నాడు?

ఒకటీ నలభైకి ఇక ఆగలేక ఆమె రూలు తప్పింది. ఇంటి వెనక అఫ్షీన్ చెయ్యి పట్టుకుని, ఆ రోజు విన్న మాట ఉన్నది ఉన్నట్టు చెప్పమంది.

"ఇంగ్లీషుల కాదు. నీ చెవిల ఎట్ల పడ్డదో గట్ల చెప్పు."

అఫ్షీన్ కళ్లద్దాలు తీసింది. భయపడిన చిన్నపిల్ల కళ్లు. "గోదావరిఖని మనిషి ఎవడో కార్ల్‌కు ఫోన్‌ల చెప్పిండు అక్కా. మూడింటికి సామాను బాయిల దిగుతది అన్నడు. బాయి అంటే బావే గద?"

హైదరాబాద్‌లో బాయి అంటే బావే. ఇంగ్లీషులోకి మార్చినవాడికీ బావే. గోదావరిఖనిలో కాదు. అక్కడ ఎవరూ గనికి పోరు, బాయికి పోతారు. మూడింటికి రెండో షిఫ్టు బాయి దిగుతుంది.

జమున తన చేతి వైపు చూసుకుంది. ఇస్హాక్ ఇచ్చిన ఫ్లాస్కు చేతిలోనే ఉంది. అడుగు మర తిప్పితే వైర్‌లెస్. కార్ల్ ఇచ్చిన ఫ్లాస్కు లోపల చూసింది, మూత చూసింది, వాసన చూసింది. అడుగు చూడలేదు. ఈ టూరు స్తూపం కోసం కాదు, గూడెం కోసం కాదు. ఇల్లాలిని రోజంతా ఇంటికి దూరంగా ఉంచడం కోసం.

వైర్‌లెస్ పలకలేదు. బావి దగ్గరి కట్టెల వాళ్లతో, ఆ దొరను కదలనివ్వొద్దని చెప్పి, అఫ్షీన్‌ను లాక్కుని జీపులో పడింది. డ్రైవరు సోహైల్ ఆమె ముఖం చూసి బండి తీశాడు. కొండ మలుపుల్లో జీపు ఊగుతుంటే ఆమె సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని సిగ్నల్ గీతల కోసం చూస్తూ కూర్చుంది. రెండుంబావుకు రాయమల్లు ఇల్లు దాటుతాడు. బాయిలో సెల్ పనికిరాదు కనుక ఇంట్లోనే పెట్టి పోతాడు. రెండున్నర. రెండూ నలభై. 

రెండూ నలభై ఎనిమిదికి ఒక్క గీత వచ్చింది. బ్యాటరీ చివరి గడిలో ఉంది. ఒక్క ఫోను. ఇస్హాక్‌కు చెయ్యాలన్నది రూలు. ఇస్హాక్ పై వాళ్లకు చెప్పి, పై వాళ్లు బాయి మేనేజరుకు చెప్పేసరికి నాలుగవుతుంది. బాంబు అని తనే బాయికి చెబితే? ఎవరో తాగి చేశారనుకుంటారు. అప్పుడామెకు బాయి మొగదల రోజూ జరిగే తనిఖీ గుర్తుకొచ్చింది. లోపల గ్యాసు ఉంటుంది కనుక దిగే ప్రతి మనిషినీ అగ్గిపెట్టె కోసం తడిమి చూస్తారు. దొరికితే ఎంతటివాడైనా అక్కడే ఆగిపోవాలి.

టోపీ లైట్లు ఇచ్చే ల్యాంపురూం నెంబరు కాలనీలో ప్రతి ఆడమనిషికీ నోటికి వచ్చు. కొమురెల్లి ఎత్తాడు. రాయమల్లు దిగే బాయి వాగొడ్డు ఇంక్లైనులో ఇరవయ్యేళ్లుగా ల్యాంపులిచ్చే మనిషి.

"అన్నా, ఫిట్టరు రాయమల్లు అగ్గిపెట్టె తెస్తున్నడు. స్టీలు ఫ్లాస్కు అడుగుల పెట్టిండు. విప్పకుండ్రి. ఎవరూ విప్పొద్దు. దూరం తీస్కపోయి నీళ్ల తొట్టిల ముంచుండ్రి."

"ఎవరమ్మా నువ్వు?"

"ఆయన పెండ్లాం బాధ చూడలేనిదాన్ని."

ఫోను చచ్చిపోయింది. కొమురెల్లి నమ్మాడో లేదో తెలియదు. అఫ్షీన్ ఫోనుకు సిగ్నల్ దొరకడానికి ఇంకో పది కిలోమీటర్లు పట్టింది. ఈసారి జమున ఇస్హాక్‌కు అంతా చెప్పింది, కానుక సంగతితో సహా. మంచిర్యాల బ్రిడ్జి మీద మూడూ యాభైకి అతడు తిరిగి చేసేదాకా జమున కొంగు చివరను నములుతూనే ఉంది.

రాయమల్లు ముందు ఇంకొక్క మనిషి ఉన్నాడట, అంతే. ఫ్లాస్కు లాక్కుని లైన్లో అందరినీ ఆపేశారట. ఇస్హాక్ మనుషులు తొట్టి దగ్గరికి వెళ్లి విప్పితే లోపలి గడియారం ఆ రోజు తేదీకి, మూడున్నరకు పెట్టి ఉంది, నీళ్లు పోయి మూడూ రెండుకు ఆగిపోయి ఉంది. మూడున్నరకు నూట నలభై మంది గ్యాసు మధ్యలో ఉండేవాళ్లు. గూడెంలో తప్పు బావికి కాపలా కాసిన నలుగురూ కార్ల్‌ను అదే బావి గిలక తాడుతో కట్టేశారు. కార్ల్‌తో ఫోనులో మాట్లాడిన గోదావరిఖని మనిషి సాయంత్రానికి దొరికాడు.

జమున ఇల్లు చేరేసరికి రాయమల్లు గడప మీద కూర్చుని మండిపడుతున్నాడు. పోలీసులు రెండు గంటలు అడిగి అడిగి వదిలిపెట్టారు. ఎందుకో చెప్పలేదు. బీడీ మానేసి ఎనిమిదేళ్లయిన తన మీద ఎవతో చాడీ చెప్పిందట. ఆ గొంతు జమున గొంతులెక్కనే ఉందని కొమురెల్లి అన్నాడట.

ఆమె అతడి భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు. ఇంత ముద్దు ఎందుకో అతడికి అంతుపట్టలేదు.

"ఇంతకు మీ టూరుల ఏం చూసిండ్రు?" అన్నాడు కోపం తగ్గి.

"స్తూపం. గూడెం. ఒక బాయి."

రాయమల్లు ఆమెను జాలిగా చూశాడు. "బాయి చూడనీకె గంత దూరం పోవాల్నా? నన్నడిగితె నేను చూపియ్యకపోతునా?"