ఏడో గదిలో ఆరో సవరణ

తొమ్మిదీ ఇరవైకల్లా కాత్యాయని ఆ రోజుకు ఆరో మానవముద్ర వేసింది. బొటనవేలు గాజుపలక మీద ఆనించగానే పచ్చదీపం వెలిగింది. ఎదురు కుర్చీలోని మనిషి లేచి వెళ్లిపోయాడు. తెర మళ్లీ తెల్లబడింది. ఒక్కో విచారణకు నాలుగు నిమిషాలు. మార్ల్‌బెండ్ కౌంటీలో వేగపీఠం అనే యంత్రాల కోర్టుకు పద్నాలుగు గదులుంటే, తెలుగువాళ్ల కేసులన్నీ ఏడో గదికే వచ్చేవి.

ఆ గదిలో ఆమె తప్ప మరో ఉద్యోగి లేరు. తెర ఎడమ సగంలో వాదయంత్రం ముద్దాయి తరఫున వాదించేది. కుడి సగంలో పీఠం తీర్పు చెప్పేది. తర్జుమా కూడా యంత్రమే చేసేది. పందొమ్మిదేళ్ల కిందట అనువాదకురాలిగా చేరినప్పుడు కాత్యాయని జడ్జికీ లాయరుకీ ముద్దాయికీ మధ్య కూర్చుని రోజంతా గొంతు పోయేలా మాట్లాడేది. ఇప్పుడు మాట్లాడితే తప్పు. తన తర్జుమా మీద యంత్రానికి ఎంత నమ్మకమో చూపే నిశ్చయాంకం తొంభై కిందికి దిగితేనే నోరు విప్పాలి. దిగకపోతే చివర్లో వేలు ఆనించాలి. ముద్దాయికి అంతా అర్థమైందనీ, తర్జుమా సరిగ్గా ఉందనీ, న్యాయసహాయం అందిందనీ ఒక మనిషి చెప్పే సాక్ష్యం అది.

మూడు నెలల కిందట పసునూరి ఐలయ్య అనే గోదాము కూలీ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. అతని మాటను యంత్రం తప్పుగా పట్టుకుందని ఆమెకు తెలుసు. అంకం మాత్రం తొంభై ఆరు చూపించింది. ఆమె వేలు ఆనించింది. అతనికి మూడేళ్లు పడ్డాయి. ఆ సాయంత్రం నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

ఏడో కేసు బొల్లి సత్తెమ్మ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పని, అక్కడి ఆడవాళ్ల వసతిలోనే కాపురం. వేడినీళ్లకు చేతులు ముడతలు పడి, పాలిపోయి ఉన్నాయి. తనిఖీకి వచ్చిన శోధిని అనే నడిచే యంత్రాన్ని ధ్వంసం చేసిందని ఆమె మీద అభియోగం. రుజువైతే నాలుగేళ్లు.

"జరిగింది చెప్పండి," అంది తెర, పత్రికల తెలుగులో.

సత్తెమ్మ తెరను వదిలేసి కాత్యాయని వైపు తిరిగింది. "ఆడివిల్లలు బట్టలు మార్చుకునే అర్ర బిడ్డా అది. తలుపు కొట్టకుంట లోపటికొచ్చింది. ఒక పిల్ల భయపడి ఏడుస్తున్నది. నేను దాన్ని కొట్టలే. తడి దుప్పటి మీదేసి బయటికి నూకిన. మెట్ల మీదికెల్లి గదే పడ్డది."

తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తాయి. కాత్యాయని చదివింది. 'నేను దాన్ని కొట్టాలి.' యంత్రం కొట్టలే అన్నదాన్ని కొట్టాలె అని విన్నది. దీర్ఘం ఒక్క అక్షరం ముందుకు జరిగేసరికి, చేయలేదన్న మనిషి చేసి తీరతానన్న మనిషి అయిపోయింది. నిశ్చయాంకం తొంభై ఏడు.

వాదయంత్రం పదకొండు సెకన్లు వాదించింది. తర్వాత తెర అడిగింది: "ఉద్దేశపూర్వక చర్యను అంగీకరించినచో శిక్ష తగ్గింపునకు అర్హత కలదు. మీకు సమ్మతమేనా?"

"ఏందో, ఒక్క ముక్క సమజైతలేదు. సరే తియ్, ఏం జేస్తం," అంది సత్తెమ్మ విసుగ్గా.

తెర ఆకుపచ్చగా మారింది. నేరాంగీకారం నమోదు. రెండున్నరేళ్లు. ముద్ర వేయడానికి గడువు ముప్పై సెకన్లు.

కాత్యాయని చెయ్యి అలవాటు కొద్దీ పలక దాకా వెళ్లింది. ఆ చల్లదనం వేలికి తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"సత్తెమ్మగారూ, ఇది ఏం రాసుకునిందో చెప్తా వినండి. మీరు కొట్టలే అన్నారు. ఇది కొట్టాలె అని రాసుకునింది. సరే తియ్ అంటే నేరం ఒప్పుకున్నారంటా ఉంది. రెండున్నరేళ్లు జైలు."

ముద్ర గడువు దాటిపోయింది. నియమోల్లంఘన అని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

సత్తెమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "నేనెప్పుడు ఒప్పుకున్న? నేననని మాట నా నోట్లె ఎట్ల పెడ్తది?"

"మీ తరఫున మాట్లాడేదానికి ఒక మనిషిని అడగొచ్చు. లాయర్ని. ఇచ్చి తీరాల."

"ఎవలిస్తరు? నా తాన ఏమున్నదని?"

"ఏమీ ఉండక్కర్లా. ఈ దేశం రాజ్యాంగంలో ఆరో సవరణ అని ఉంది. నేరం మోపినప్పుడు ఏ మనిషికైనా లాయరు సాయం ఉండాల. చానా ఏళ్ల కిందట ఫ్లోరిడాలో గిడియన్ అని ఒక పేదాయన ఉన్నాడు. లాయర్ని పెట్టుకోలేను, ఇప్పించండి అంటే ఆ కోర్టు కుదరదనింది. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో అర్జీ రాసి దేశంలోనే పెద్ద కోర్టుకు పంపించినాడు. తొమ్మిది మంది జడ్జీలూ ఆయన పక్కే తీర్పిచ్చినారు. పందొమ్మిది వందల అరవై మూడులో. మళ్లీ విచారణ జరిగితే, లాయరు పక్కనుండగా, నిర్దోషి అని ఇంటికి పోయినాడు."

"ఆ తీర్పు ఇప్పుడు గూడ ఉన్నదా?"

"ఉంది. ఎవురూ కొట్టేయలా. ఈ రాష్ట్రంలో మాత్రం, అడిగినోళ్లకే మనిషి లాయరు అని నియమం పెట్టినారు. అడగొచ్చని ఎవురూ చెప్పరు."

సత్తెమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "మరి ఇన్నొద్దులు వచ్చినోళ్లకు నువ్వెందుకు చెప్పలే?"

"భయపడినా," అంది కాత్యాయని.

సత్తెమ్మ తెర వైపు తిరిగి, లాండ్రీ హోరులో అరిచి అలవాటైన గొంతుతో అంది: "నాకు లాయర్ గావాలె. మిషన్ గాదు. మనిషి గావాలె."

ఈసారి యంత్రం ఒక్క అక్షరం కూడా తప్పుగా వినలేదు. తెర పసుపు రంగుకు మారి ఆగిపోయింది. నాలుగు నిమిషాల గడియారం సున్నా దగ్గర నిలిచింది.

రెండు నిమిషాల్లో పర్యవేక్షకుడు ఆల్విన్ ప్రూయిట్ తలుపు తోసుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు, రోజుకు ఎన్ని కేసులు ముగిశాయో పైవాళ్లకు చెప్పాల్సిన మనిషి.

"కాత్యాయనీ, ఏం చేశారో తెలుసా? పద్నాలుగో నియమం. ముద్దాయికి సూచన ఇచ్చిన అనువాదకుల లైసెన్సు రద్దు."

"తెలుసు."

"మీరు నేర్పిస్తే ఆమె అడిగింది. అలాంటి అభ్యర్థన చెల్లదు. ముద్ర వెయ్యండి, ఇద్దరం దీన్ని మరిచిపోదాం."

"హక్కు అడిగినవాళ్లకే అని మీ నియమం అంటుంది. లాయరు హక్కు అడగడం మీద ఆధారపడదని అదే పెద్ద కోర్టు గిడియన్ తీర్పుకు ముందు ఏడాదే చెప్పింది. కావాలంటే చదవండి. ఈమెకు న్యాయసహాయం అందిందని నేను సాక్ష్యం చెప్పను. అందలేదు. ఐలయ్యకూ అందలేదు. ఆరోజు నేను వేసిన ముద్ర అబద్ధం. అదీ రాసుకోండి."

"మీ ముద్ర లేకపోతే ఈ కేసు ముయ్యలేం."

"ముయ్యకండి."

ప్రూయిట్ తన చేతిపలక మీద ఏదో నొక్కాడు. గోడ మీద వెలుగుతున్న ఆమె పేరు ఆరిపోయింది. కాత్యాయని సంచీ భుజాన వేసుకుంది. తలుపు వైపు నడిచింది. సత్తెమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని వెంట వచ్చింది.

బయట హాలులో ఎనభై మంది దాకా వంతు కోసం కూర్చున్నారు. ముందు వరుసలో లూపె ఉంది. సత్తెమ్మతో లాండ్రీలో పనిచేసే గ్వాటెమాలా మనిషి, అదే శోధినిని తొయ్యడానికి సాయం పట్టిన మనిషి. ఒకరి భాష ఒకరికి రాదు. ఆరేళ్లుగా సైగలతోనే స్నేహం. సత్తెమ్మ ఆమె ముందు నిలబడి, తెర వైపు చూపించి, వేలు అడ్డంగా ఊపింది. తర్వాత లూపె గుండె మీద చెయ్యి వేసి, "లాయర్! లాయర్ అడుగు!" అంది.

ఆ మాటకు తర్జుమా అవసరం రాలేదు. లూపె కళ్లు పెద్దవయ్యాయి. వెనక వరుసకు తిరిగి స్పానిష్‌లో గబగబా చెప్పింది. అక్కణ్ణుంచి ఒక ముసలాయన నేపాలీలో అందుకున్నాడు. కాత్యాయని హాలు మధ్యలో నిలబడి ఆరో సవరణను మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో గట్టిగా చెప్పింది. కాపలాదారు ఆమె వైపు రెండడుగులు వేసి ఆగాడు. రాజ్యాంగం చదవొద్దని చెప్పే నియమం అతనికి తట్టలేదు.

పావుగంటలో మూడో గది తెర పసుపు రంగుకు మారింది. తర్వాత పదకొండోది, తర్వాత మొదటిది. మధ్యాహ్నానికి పద్నాలుగు తెరలూ ఆగిపోయాయి. అరవై ఒక్క అభ్యర్థనలు. కౌంటీ మొత్తానికి మనిషి లాయర్లు తొమ్మిది మందే. ప్రూయిట్ ఫోను చెవికి ఆనించి, "అవునండీ, అందరూ అడుగుతున్నారు. లేదండీ, ఆపడం కుదరదు," అంటూ హాలంతా తిరిగాడు.

ఒంటిగంట దాటాక రోసలిండ్ టేట్ వచ్చింది. డెబ్బై ఏళ్లు పైబడ్డ నల్లజాతి లాయరు, చేతికర్ర, చంకలో కాగితాల కట్ట. వస్తూనే సత్తెమ్మకు చెయ్యి అందించింది.

"నేను మీ లాయర్ని. ఆలస్యమైంది, క్షమించండి. ఈవిడ చెప్పేది నాకెవరు చెప్తారు?"

"యంత్రం ఉంది," అన్నాడు ప్రూయిట్. "ఈ అనువాదకురాలికి లైసెన్సు లేదు."

"లైసెన్సు కోర్టుకు కావాలి. నా క్లయింటుతో నేను ఎవరి ద్వారా మాట్లాడాలో నేను చూసుకుంటాను." ఆమె కాత్యాయని వైపు తిరిగింది. "జీతం లేదు, మరి. వస్తావా?"

కాత్యాయని సంచీ కిందపెట్టింది.

ముగ్గురూ హాలు మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నారు. టేట్ కలం తీసి, కాగితం మీద ఆ రోజు తేదీ వేసింది. "మొదట్నుంచి చెప్పండి. తొందరేం లేదు."

కాత్యాయని ఆ మాట తెలుగులో చెప్పింది. సత్తెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తొందర లేదన్నదా? అయితే ఇను. ఆ పొద్దు ఐతారం. అర్రల తొమ్మిది మందిమున్నం. అందరి పేర్లు చెప్త, రాసుకొమ్మను."