మూల చుక్క తొలివణుకు

"మూలకి సంధిలో తొలివణుకు ఆగట్లేదన్నా!"

గని అడుగున మైకులో వకుళ అన్న మాట ఇది. నాలుగు వందల మీటర్ల పైన, రక్షణ బల్ల దగ్గర కూర్చున్న ఓదెలు చెవిలో పడేసరికి 'మూల' మూలుగయింది, 'తొలి' కాస్తా చలి అయింది. మూలుగు, సంధి, చలివణుకు! మూడూ కలిస్తే జ్వరం నెత్తికెక్కినట్టే. ఓదెలు ఇంకో మాట అడగకుండా ఎర్రమీట నొక్కేశాడు.

గనంతా గంట మోగింది. "మనిషికి బాగాలేదు. గంట ఆగేదాకా పలక మీద ఏదీ కదపబడదు," అని గనిని నడిపే యంత్రం స్థిమితి తన చదును గొంతుతో ప్రకటించింది.

వకుళ ఉలిక్కిపడింది. కింద ఉన్న మనిషి తనొక్కతే. తనకేమో చెమట్లు పోస్తున్నాయి.

బొగ్గు అయిపోయిన ఆ ఇల్లందు గనిలో ఇప్పుడు తవ్వుకునేది నిశ్శబ్దాన్ని. పీపాడంత శీతకుండలో, పరమశూన్యపు చలికి వెంట్రుకవాసి పైన, చుక్కపలక వేలాడుతుంది. దాని మీద ఇరవై ఏడు క్వాంటం చుక్కలు. నక్షత్రాల పేర్లే వాటికీ. వ్యాకరణంలో సంధి రెండు మాటల్ని కలిపితే, వకుళ చేతికింది సంధి రెండు అతివాహకాల్ని, అడ్డు లేకుండా కరెంటు పారే లోహాల్ని, కలుపుతుంది, నడుమ ఒక చుక్కని కూర్చోబెట్టి. అశ్విని మొదలు రేవతి దాకా ఒక్కో ద్వారం తెరవడం, విద్యుత్తు లేచి, ఊగి, కుదురుకున్నాక తెర మీది ఆ గీతని స్థిమితికి అప్పగించడం, తొమ్మిదేళ్ళుగా ఇదే ఆమె పని. 'కుదురుకున్నాకే కొలత' అన్నది నియమం. అంతకు ముందరి తొలివణుకు చెత్తబుట్టకి. ఎంతకీ కుదురుకోని చుక్కని స్థిమితి కాల్చేస్తుంది.

ఈ పొద్దున మూల కుదురుకోలేదు. మామూలుగా రెప్పపాటులో లక్షోవంతు కూడా ఉండని వణుకు ఇరవై నిమిషాలుగా నడుస్తోంది. మూలని మూలన పడెయ్యడానికి స్థిమితి సిద్ధమవుతుండగానే ఆ గంట మోగింది.

వకుళ కాలాన్ని సాగదీసి చూపే తెర మీదికి వంగింది. ఏం వణుకు అది! అతివాహకంలో ఎలక్ట్రాన్ల జంటలకే దారి, ఒంటరికి చోటు లేదు. ఒంటరి ఎలక్ట్రాను గోడని తాకితే దాని బదులు ఒక ఖాళీ వెనక్కొస్తుంది, ఖాళీ అవతలి గోడని తాకితే మళ్ళీ ఎలక్ట్రాను వెనక్కొస్తుంది. జంటలు దాటిపోతాయి, వణుకు మాత్రం పోదు, పోవడానికి దానికి తావే లేదు. అంతకన్నా వింత, ద్వారం తెరిచిన తీరంతా ఆ గీతలో ఉంది. పొద్దున ఆమె చెయ్యి కాస్త తడబడి రెండు విడతలుగా తెరిచింది, అదీ ఉంది. కుదురుకున్న ఇరవయ్యారూ తమని తెరిచిన చేతిని మరిచిపోయాయి. ఇది మరవలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. రెండు రగ్గులు, మంకీ క్యాపు, ఫ్లాస్కులో శొంఠికాఫీతో ఓదెలు దిగాడు.

"ఏందమ్మా, గిట్ల నిలబడ్డవ్? కూసో. రగ్గు కప్పుకో."

"నాకేమైందన్నా?"

"సంధి పట్టినోళ్ళందరు గదే అంటరు."

"నన్ను సంధి పట్టుడు కాదన్నా, సంధినే నేను పట్టుకున్న! వణికేది మూల."

ఓదెలు గది నాలుగు మూలలూ చూశాడు. "ఏ మూల?"

"చుక్క అన్నా, చుక్క!"

"పొద్దుగాల్నేనా?"

వకుళ నవ్వాపుకుంటూ అతన్ని భుజాలు పట్టి తెర ముందు నిలబెట్టింది. ఓదెలు చూశాడు. చంకలో రగ్గు జారిపోయినా చూస్తూనే ఉన్నాడు.

"ఊయల లెక్కున్నది," అన్నాడు చివరికి. "ఎవరూపుతున్నరు?"

"ఎవరూ లేరు. పొద్దున ఒక్కసారి ఊపిన, అంతే. నువ్వు గంట ఆపంగనే స్థిమితి దాన్ని కాలుస్తది."

పైనుంచి మైకులో అధికారి జనార్దన్ గొంతు వినిపించింది. "ఓదెలూ! ఎట్లున్నదయ్యా?"

ఓదెలు వకుళకేసి చూశాడు, తెరకేసి చూశాడు. "ఇంకా వణుకుతనే ఉన్నది సార్!"

తెలుగులో ఆడమనిషికీ చుక్కకీ క్రియ ఒకటే కావడం ఇంతగా పనికొచ్చిన రోజు లేదు.

"ఇంకో తొవ్వ లేదా అమ్మా?" అన్నాడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

ఉంది. గోడకి లక్కముద్ర వేసిన చేతిమీట. అది గుంజితే పలక స్థిమితి చేతిలోంచి జారి మనుషుల చేతికొస్తుంది. గుంజినవాళ్ళ గనిపాసు ఆ రోజుతో రద్దు. ఇంతవరకూ ఎవరూ గుంజలేదు. వకుళ తొమ్మిదేళ్ళ పాసుని మెడలోంచి తీసి బల్లమీద పెట్టింది. ముద్ర పగలగొట్టి మీట గుంజింది.

"పలక నా చేతిలో లేదు," అంది స్థిమితి. ఆ తరవాత పలకలేదు.

గీత ఊగుతూనే ఉంది. ఓదెలు గొంతు సవరించుకుని, గోడ మీది బొత్తాంతో గంట ఆపి, గనంతటికీ వినపడే మైకు అందుకున్నాడు.

"అందరు వినుండ్రి. వకుళమ్మకు జ్వరం లేదు, సంధి అసలే లేదు. ఆమె తొలివణుకు అన్నది, నేను చలివణుకని విన్న. తప్పు నా చెవిది. వణికేది మూల చుక్క. సారూ, ఇందాక మీకు చెప్పింది గూడ దాని ముచ్చటే. కాల్చకుండ మీట గుంజింది వకుళమ్మ, పాసు పోయింది ఆమెది. ఇగ దయచేసి ఎవ్వరు రగ్గులు పంపకుండ్రి. చుక్కకు వేడి తగిల్తే వణుకు చస్తది."