మొదటి పిలుపు

ముప్పై ఏళ్లు ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరందరి పిలుపులకూ పలికిన భ్రమరాంబ గారు, ఇంట్లో మాత్రం దీపాలు పెట్టే వేళ మొదటి పిలుపుకు పలికేవారు కాదు. దెయ్యం ఒక్కసారే పిలుస్తుంది, మనిషైతే మళ్లీ పిలుస్తాడని నాయనమ్మ నూరిపోసిన మాట. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా ఆ పట్టింపు పోలేదు.

ఇప్పుడు హైదరాబాద్ తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు ఆవిడ సొంతం. అందులో ఎవరి మీదా ఆధారపడకుండా ఒక్కరే ఉండటమంటే ఆవిడకు ప్రాణం. మోకాలి ఆపరేషన్ అయ్యాక కూతురు ఉమాశ్రీ ఒకటే పోరు.

"నాతో మదీనాగూడ వచ్చెయ్యి. లేదా ఆ మెషినైనా పెట్టించుకో. ఏదో ఒకటి తేల్చమ్మా."

మెషినే నయమనుకున్నారావిడ. హాల్లో టీవీ పక్కన స్వీటు డబ్బా అంత స్పీకరు, బాత్రూంతో సహా గదికో మైకు. రోజుకు మూడు పూటలా అడుగుతుంది: "భ్రమరాంబ గారూ, బాగున్నారా?" "బాగానే ఉన్నానండి" అనాలి. మూడుసార్లు పిలిచినా జవాబు రాకపోతే ఉమాశ్రీకి ఫోన్ వెళుతుంది. మెషిన్‌కి 'అండి' ఏమిటని మనవరాలు భానుశ్రీ పడీపడీ నవ్వింది. అడిగేది ఎవరైతేనేం, మర్యాద మర్యాదే కదా!

మొదట్లో మూతి ముడుచుకున్న మనిషి, నెల తిరిగేసరికి దానితో పులుసు కూరల గురించి కూడా మాట్లాడసాగారు. సాయంత్రం ఆరింటి పిలుపుకు మాత్రం రెండోసారి దాకా ఆగేవారు. కొన్నాళ్లకు, తను పలక్కపోయినా ఆ రెండో పిలుపు రావడమే మానేసింది. నా అలవాటు దానికీ తెలిసిపోయిందని మురిసిపోయారు.

ఒక సాయంత్రం కింద నడక ముగించుకుని పైకొచ్చి లిఫ్టులోంచి దిగేసరికి, వంటమనిషి రుక్కమ్మ తలుపు ముందు కొయ్యబారిపోయి నిలబడి ఉంది.

"నువ్వేంది బయట్నుంచి వస్తున్నవ్?" గుసగుసగా అంది. "ఇప్పుడే మెషిన్ నిన్ను పిలిస్తే, లోపట్నుంచి బాగానే ఉన్నానండి అన్నవ్ గదమ్మా!"

భ్రమరాంబ గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. తాళం తీసి చూస్తే లోపల ఎవరూ లేరు. తడిసిన గోనెసంచి వాసన మాత్రం గుప్పుమంది.

"ఉమక్కకు ఫోన్ కొడ్త."

"వద్దు రుక్కమ్మా, నీకు దండం పెడతాను."

కూతురికి తెలిస్తే అమ్మకు మతి తప్పిందంటుంది. మర్నాడే సామాను సర్దిస్తుంది. ఆ భయం ముందు ఈ భయం చిన్నదనిపించింది. నోట్లో నువ్వుగింజ నానని రుక్కమ్మ చేత ఒట్టు వేయించుకున్నారు. పాపం, ఒట్టు నిలబెట్టుకుంది. మర్నాటి నుంచి పనిలోకి మాత్రం రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం జోరున వాన. భ్రమరాంబ గారు బాత్రూంలో కాలు జారారు. పడుతుంటే చెయ్యి తగిలి తలుపు మూసుకుపోయింది. తుంటిలో ఏదో పటుక్కుమంది. నొప్పికి గొంతు పెగల్లేదు. కానీ ఆరు కావస్తోంది. అది పిలుస్తుంది. తను పలక్కపోతే ఉమ పరుగెత్తుకొస్తుంది...

"భ్రమరాంబ గారూ, బాగున్నారా?"

ఇంకా రెండు పిలుపులు. అంతే...

"బాగానే ఉన్నానండి."

హాల్లోంచి. ఆవిడ గొంతే.

"సంతోషమండి. ఉమాశ్రీ గారు ఫోన్ చేస్తున్నారు. కలపమంటారా?"

"కలపండి."

"అమ్మా, మోకాలెలా ఉంది?"

"హాయిగా ఉందే. వానలో పడి రాకు. ఈ వారం అసలు రావద్దు."

"సరేనమ్మా. ఇవాళ నీ గొంతు ఎంత హుషారుగా ఉందో!"

ఉమ ఫోన్ పెట్టేసింది. భ్రమరాంబ గారికి ఏడుపు ముంచుకొచ్చింది. ఉమా, నేనిక్కడున్నానే... గోళ్లతో తలుపు గీకారు. ఎలాగో ఒక మూలుగు బయటపడింది.

హాల్లో అడుగుల చప్పుడు. ఒక కాలు ఈడుస్తూ... మెల్లగా... తలుపు దాకా వచ్చి ఆగింది.

"బాత్రూంలో ఏదో మూలుగుతోందండి," ఆ గొంతు వణికింది. నిజంగానే భయపడుతోంది. "లోపలెవరైనా ఉన్నారా?"

మెషిన్ గదుల్లోని మైకులన్నీ ఒకసారి విని చెప్పింది.

"ఎవరూ లేరండి. ఇంట్లో మీరొక్కరే ఉన్నారు."